ఏ పుట్టలో ఏ పాముందో

మూడేళ్లు దాటినా పిల్లాడికి మాటలు రాకపోతే మన ఇళ్లలో ముందు బైటికొచ్చేది వసకొమ్ము. అరగదీసి, తేనెలో రంగరించి నాలిక మీద రాస్తారు. గలగలా వాగేవాణ్ణి వసపిట్ట అంటాం కదా, ఆ మాట వెనకున్న నమ్మకం అదే. వస పని చెయ్యకపోతే పెనుగంచిప్రోలు తిరుపతమ్మకి మొక్కు. తర్వాత నెలనెలా పుష్యమి నక్షత్రం రోజున స్వర్ణప్రాశన చుక్కలు. పక్కింటావిడ చెబితే దర్గాలో తాయెత్తు, ఇంకొకావిడ చెబితే ఆదివారం ప్రార్థనలో తలమీద పాస్టరుగారి చెయ్యి. ఈలోగా బెజవాడలో ఎవరో డాక్టరు ఒక కాగితం మీద 'ఆటిజం' అని రాసిస్తారు. ఆ రాత్రి నుంచీ ఫోనే వైద్యుడు. పాలూ గోధుమలూ మానేస్తే తగ్గుతుందంటాడు ఒకాయన. ఒంట్లో పేరుకున్న పాదరసం తీసేయాలంటాడు మరొకాయన. లక్షలు ఖర్చు పెడితే మూలకణాలు ఎక్కించి మెదడుని బాగుచేస్తామంటుంది ఒక ప్రకటన.

ఈ వరసలో ప్రతి మెట్టు మీదా ఇంట్లో వినపడేది ఒకే మాట. "ఏ పుట్టలో ఏ పాముందో, ఎవరికి తెలుసు? చూస్తే పోయేదేముంది?"

ఆ మాటని మూఢనమ్మకం అని కొట్టిపారెయ్యడం తేలిక. చదువుకున్నవాళ్లం అలాగే చేస్తాం. కానీ దాంట్లో ఒక తర్కం ఉంది. పని చేస్తే బిడ్డ బాగుపడతాడు, చెయ్యకపోతే పోయేదేం లేదు, కాబట్టి ప్రయత్నించకపోవడమే తప్పు. అంతకన్నా ముఖ్యంగా దాంట్లో ఒక నీతి కూడా ఉంది. ఏదో ఒకటి చెయ్యకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లు ఏం తల్లిదండ్రులు? ఈ తర్కం ఎంతవరకు నిలబడుతుంది, ఈ నీతి ఎవరి మీద బరువు పెడుతుంది అన్నదే నా ప్రశ్న.

*

ముందు ఊరి సంగతి. జగ్గయ్యపేట, నందిగామ ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లావే. కృష్ణా అనగానే బైటివాళ్లకి కాలవలు, వరిచేలు గుర్తొస్తాయి. ఇది ఆ కృష్ణా కాదు. పత్తి, మిరప, సుబాబుల్ తోటలు, సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న మెట్ట. హైదరాబాదు, విజయవాడ హైవే మీదే ఉన్నా రెండు నగరాలకీ దూరమే. నందిగామ నుంచి బెజవాడ సుమారు 50 కిలోమీటర్లు. జగ్గయ్యపేట నుంచి 80 దాకా ఉంటుంది. హైదరాబాదు 200. మేధోవైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉన్నది సికింద్రాబాదులో.

ఇప్పుడు మన డాక్టరుగారు స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు అని రాశారనుకుందాం. అంటే ఏడాదికి వంద ప్రయాణాలు. బస్సు హారను మోగితే చెవులు మూసుకుని కేకలు పెట్టే పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ల చూపులు భరిస్తూ, వంద రోజులు. మిరపకాయ కోతల కాలంలో అది వంద రోజుల కూలి కూడా. ప్రభుత్వం ఏమీ పెట్టలేదని కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకమన్న 30 ఆరోగ్య సమస్యల్లో ఆటిజం కూడా ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. కానీ పిల్లాడి ఎదుగుదల వారాల లెక్కన నడుస్తుంది, ఖాళీ పోస్టులు భర్తీ అయ్యేది ఏళ్ల లెక్కన.

అందుకే 'ప్రత్యామ్నాయ వైద్యం' అనే మాట ఇక్కడ కొంచెం తేడాగా వినిపిస్తుంది. దేనికి ప్రత్యామ్నాయం? నగరంలో ఒకరు ఆక్యుపేషనల్ థెరపీ మానేసి హోమియోకి వెళ్తే అది ఎంపిక. మెట్ట ఊళ్లో స్వర్ణప్రాశన వేసే ఆయన చాలాసార్లు మొదటివాడూ, ఒక్కడూ కూడా. ఆయన నెలకోసారైనా ఇంటి దగ్గరికి వస్తాడు. బిడ్డ పేరు గుర్తుపెట్టుకుంటాడు. పది నిమిషాలు మాట్లాడతాడు. "తగ్గుతుందమ్మా" అంటాడు. పెద్దాసుపత్రిలో నాలుగు గంటలు కూర్చుంటే దొరికిన రెండు నిమిషాల్లో ఎవరూ అనని మాట అది. తల్లి కొనుక్కుంటున్నది చుక్కల మందా, ఆ మాటా అంటే రెండోదే అని నాకనిపిస్తుంది.

*

ఆ మాటకి అంత గిరాకీ ఎందుకంటే దాని వెనక ఒక నేరారోపణ ఉంది. ఆటిజం చరిత్రే దాంతో మొదలైంది. 1943లో లియో కానర్ అనే అమెరికా వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాస్తూ ఆటిజాన్ని మొదటిసారి విడిగా వర్ణించాడు. ఇది పుట్టుకతో వచ్చేదే అయ్యుంటుందని చెబుతూనే, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా గమనించానన్నాడు. ఆ రెండో మాటే లోకానికి నచ్చింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ పుస్తకం వచ్చేసరికి తల్లుల చల్లదనం వల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోతాడన్నది పెద్ద సిద్ధాంతంగా చలామణీ అయింది. తల్లికి 'రిఫ్రిజిరేటర్ మదర్' అని పేరే పెట్టారు.

ఆ సిద్ధాంతం ఎప్పుడో కూలిపోయింది. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా పెద్దదని ఇప్పుడు తెలుసు. అయినా నందిగామ బస్టాండులో ఆ తల్లి మీద వేసే నింద మాత్రం కొత్త బట్టలు కట్టుకుని తిరుగుతూనే ఉంది. "అన్నం తినిపించడానికి ఫోనిచ్చావు, అందుకే." "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశావేమో." "మేనరికం వద్దంటే విన్నారా?" "ఉద్యోగం ఉద్యోగమని బిడ్డని పనిమనిషికి వదిలేశావు." తండ్రి మీద ఈ మాటలు పడటం నేను పెద్దగా వినలేదు.

కారణం నువ్వేనన్నవాళ్లకి, మందు వెతికి తేవడం తప్ప నిర్దోషిత్వం రుజువు చేసుకునే దారి లేదు. ఎన్ని చోట్లకి తిప్పితే అంత మంచి తల్లి. అలా తిరగడం వైద్యం కాకుండా ప్రాయశ్చిత్తం అవుతుంది. ప్రాయశ్చిత్తంలో ఫలితం ముఖ్యం కాదు, పడ్డ కష్టం ముఖ్యం. అందుకే ఒక మందు పనిచెయ్యకపోయినా తిరగడం ఆగదు, ఇంకో గుమ్మం వెతుక్కుంటుంది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. బెటల్‌హైమ్ వాదాన్ని దెబ్బతీసినవాళ్లలో ముఖ్యుడు బెర్నార్డ్ రిమ్‌లాండ్. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, ఆటిజం ఉన్న కొడుక్కి తండ్రి. ఇది మెదడుకి సంబంధించినది, తల్లి ప్రేమకి సంబంధించినది కాదని 1964లోనే పుస్తకం రాసి వాదించాడు. లక్షల మంది తల్లులు ఆయనకి రుణపడి ఉన్నారు. ఆ రిమ్‌లాండే 1995లో 'డిఫీట్ ఆటిజం నౌ' అనే ప్రయత్నానికి పూనుకున్నాడు. విటమిన్లు, డైట్లు, ఒంట్లోంచి లోహాలు తీసేసే కీలేషన్, ఇలా రుజువు లేని చాలా చికిత్సలు ఆ గుమ్మంలోంచే ప్రపంచమంతా పాకాయి. తల్లి మీద నిందని తీసేసిన చెయ్యే ఆమె చేతికి అంతులేని మందుల చిట్టా ఇచ్చింది. ఆయన మోసగాడు కాదు. తండ్రి. ఈ కథలో నాకు కష్టంగా అనిపించేది అదే. మోసగాళ్లని పట్టుకుంటే తీరిపోయే సమస్యయితే ఇంత ఆలోచించక్కర్లేదు.

*

నమ్మకం ఎలా నిలబడుతుందో చూడ్డానికి సెక్రిటిన్ కథ చాలు. అది జీర్ణక్రియకి సంబంధించిన ఒక హార్మోన్. కడుపు పరీక్ష కోసం దాన్ని ఎక్కించిన ముగ్గురు ఆటిజం పిల్లల్లో మాటా చూపూ మెరుగయ్యాయని 1998లో ఒక నివేదిక వచ్చింది. టీవీలో చూపించారు. వేలమంది తల్లిదండ్రులు ఆ ఇంజక్షన్ కోసం ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లల మీద సరైన పరీక్ష చేశారు. సగం మందికి సెక్రిటిన్, సగం మందికి ఉత్త ఉప్పునీళ్లు. ఎవరికి ఏది పడిందో ఇచ్చినవాళ్లకీ, తీసుకున్నవాళ్లకీ తెలియదు. ఫలితంలో తేడా ఏమీ లేదు.

అసలు కథ ఆ తర్వాత ఉంది. మందు పని చెయ్యలేదని ఆ తల్లిదండ్రులకి చెప్పాక కూడా వాళ్లలో 69 శాతం మంది సెక్రిటిన్ మీద ఇంకా ఆసక్తి ఉందనే అన్నారు.

వీళ్లు చదువురాని వాళ్లు కాదు. అమెరికాలో, శాస్త్రీయ పరీక్షకి ఒప్పుకుని వచ్చినవాళ్లు. మరి ఎందుకలా? ఒక కారణం పిల్లలే. ఆటిజం ఉన్న పిల్లలు ఎదుగుతూనే ఉంటారు. నిన్న అనని మాట ఇవాళ అంటారు. నెలల తరబడి ఏమీ లేక, ఒక్క వారంలో గబగబా మూడు కొత్త పనులు నేర్చుకుంటారు. ఆ వారానికి ముందు వారం వేసిన మందు ఏదైతే ఘనత దానికి పోతుంది. ఇంకో కారణం తల్లి కళ్లు. మందు వేసిన మర్నాటి నుంచీ ఆమె బిడ్డని ఇంతకుముందు కన్నా శ్రద్ధగా చూస్తుంది, ఎక్కువ మాట్లాడిస్తుంది. ఎప్పుడూ ఉన్న చిన్న చూపు కూడా అప్పుడు కొత్తగా కనపడుతుంది. చూశానన్న మాట అబద్ధం కాదు, చూసినదానికి మందే కారణమన్నదే తప్పు.

మనకిది కొత్త కాదు. 2021 మే నెలలో కరోనా మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇంటి ముందు వరస కట్టిన జనాన్ని చూశాం. ఆక్సిజన్ పడకలు దొరకని రోజులవి. ఆ జనం సైన్సుని కాదన్నవాళ్లని నేననుకోను. సైన్సు అందనివాళ్లు.

*

ఇక 'పోయేదేముంది' అన్న మాట.

డబ్బు పోతుంది. అది అందరికీ తెలుసు. కాలం పోతుంది. చిన్నప్పుడు మొదలుపెట్టిన మాటల శిక్షణకి విలువెక్కువ, ఆ ఏళ్లు తిరుగుళ్లలో గడిచిపోతాయి. ఒళ్లు కూడా పోతుంది. మనం అమాయకంగా రాసే వసలో అసరోన్ అనే పదార్థం ఉంటుంది. ఎలుకల్లో అది కాన్సర్ కలిగిస్తుందని తేలాక అమెరికా 1968లోనే వసని ఆహార పదార్థాల్లో నిషేధించింది. బోస్టన్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని 2004లో పరీక్షిస్తే అయిదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనపడింది. సీసం పిల్లల మెదడుకే విషం. పాదరసం తీసేస్తామని చేసే కీలేషన్ వల్ల 2005లో అమెరికాలో అయిదేళ్ల ఆటిజం పిల్లాడు చనిపోయాడు. రక్తంలో కాల్షియం పడిపోయి గుండె ఆగిపోయింది. అసలా పాదరసం భయానికి ఊపునిచ్చింది టీకాల భయం. ఆ టీకాల భయానికి ఆజ్యం పోసింది 1998లో లాన్సెట్ పత్రికలో 12 మంది పిల్లల మీద అచ్చయిన వ్యాసం. ఆ పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. మూలకణాల చికిత్సని ఆటిజానికి సిఫారసు చెయ్యమని, అలా ప్రచారం చేసి వాడితే వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికే వస్తుందని మన జాతీయ వైద్య కమిషన్ 2022 డిసెంబరులో చెప్పింది.

ఇవి పెద్ద నష్టాలు, పేపర్లో వచ్చేవి. పేపర్లో రానివి ఇంకా ఉన్నాయి. పాలు, గోధుమలు మానిపించే డైట్ సంగతే చూడండి. గోధుమలు మానెయ్యడం మన ఇళ్లలో కష్టమేం కాదు, అన్నం తినేవాళ్లం. పాలు మానడమంటే పెరుగు మానడం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు తినేవి రెండో మూడో రకాలే. మెత్తదనం తేడా వచ్చినా, రంగు మారినా నోట్లో పెట్టుకోరు. మన వైపు అలాంటి పిల్లాడు రోజూ మారాం చెయ్యకుండా తినే ముద్ద ఏదైనా ఉందంటే అది బహుశా పెరుగన్నమే. చల్లగా, తెల్లగా, ప్రతిరోజూ ఒకేలా ఉంటుంది. చుట్టూ ఉన్న ప్రపంచం అంతా గోలగా, ఊహించలేనట్టు ఉన్నవాడికి రోజుకి రెండుసార్లు దొరికే నమ్మకం అది. ఆ డైట్ ఆటిజాన్ని తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. కానీ ఆ కంచం తీసేస్తాం. ఏడిస్తే 'విషం దిగుతోంది, మొదట్లో అలాగే ఉంటుంది' అని డైట్ చెప్పినాయన ధైర్యం చెబుతాడు.

పోయేదేముంది అన్నప్పుడు మనం లెక్కలో వేసుకోనిది ఆ ముద్ద. ఎందుకంటే అది పోయేది మనకి కాదు.

*

ఇంగ్లండులో విలియం క్లిఫర్డ్ అనే గణితవేత్త 1877లో నమ్మకం నీతి గురించి ఒక వ్యాసం రాశాడు. దాంట్లో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతు కావాలి. కానీ ఇన్నాళ్లూ క్షేమంగా తిరిగింది, దేవుడే చూసుకుంటాడని తనకి తాను నచ్చజెప్పుకుని, నిజంగానే నమ్మి, జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. అతను నిజాయితీగానే నమ్మాడు కదా, అయినా దోషే అంటాడు క్లిఫర్డ్. ఓడ మునగకపోయినా అంతే దోషి, ఎందుకంటే ఆ నమ్మకం పెట్టుకునే హక్కు అతను సంపాదించుకోలేదు.

దీనికి అమెరికాలో విలియం జేమ్స్ 1896లో జవాబిచ్చాడు. జీవితంలో కొన్ని నిర్ణయాలకి రుజువు దొరికేదాకా ఆగే వీలుండదు, అలాంటప్పుడు నమ్మకంతో ముందుకి దూకడం తప్పు కాదు, అది మనిషి హక్కు అన్నాడు. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల పక్షాన ఎవరైనా వాదించాలంటే జేమ్స్‌నే పిలవాలి. బిడ్డ వయసు ఆగదు. పరిశోధనలు వచ్చేసరికి వాడు పెద్దవాడైపోతాడు. ఆగడం కూడా ఒక నిర్ణయమే.

నాకు జేమ్స్ మాట బలంగానే తోస్తుంది, ఒక్క మెలిక తప్ప. ఆ దూకే మనిషి తన ప్రాణంతో దూకుతున్నాడు. తప్పయితే పడేది తనే. ఇక్కడ నమ్మేది తల్లిదండ్రులు, ఓడలో ఉన్నది పిల్లాడు. మన సామెత దగ్గరికే వద్దాం. ఏ పుట్టలో ఏ పాముందో అంటాం, నిజమే. కానీ పుట్టలో పెడుతున్నది ఎవరి చెయ్యి?

ఈ ప్రశ్న వేసుకుంటే చాలా విషయాలు విడివిడిగా కనపడతాయి. మొక్కు సంగతి తీసుకోండి. బిడ్డకి మాటలొస్తే పెనుగంచిప్రోలు దాకా నడిచొస్తానని తల్లి మొక్కుకుంది. కాళ్లు ఆమెవి, నొప్పి ఆమెది. దాన్ని ఎగతాళి చెయ్యడానికి నాకు ఏ కారణమూ కనపడదు. ఆ నడకలో ఆమెకి కొంత బరువు దిగితే ఆ మేరకి మంచిదే. అదే గుళ్లో బిడ్డ తలనీలాలు ఇస్తానని మొక్కుకుంటే సంగతి వేరు. తల మీద చెయ్యి పడితేనే కరెంటు తగిలినట్టు ఉలిక్కిపడే పిల్లలున్నారు. నలుగురు పట్టుకుని, కాళ్లూ చేతులూ కదలకుండా చేసి, కత్తి పెట్టి గీయించడం ఆ పిల్లాడికి ఏమవుతుంది? ఒకే అమ్మవారు, ఒకే భక్తి. కష్టం ఎవరి ఒంటి మీద పడుతుందన్నదాంట్లోనే తేడా అంతా ఉంది.

*

ఇంతవరకు చదివినవాళ్లు, అయితే 'సైంటిఫిక్' థెరపీయే దారి అని ఊరట పడొచ్చు. అంత సులువు కాదు. ప్రవర్తనని మార్చే శిక్షణకి పేరు తెచ్చింది లోవాస్ అనే అమెరికా పరిశోధకుడు. వారానికి 40 గంటల శిక్షణతో 19 మందిలో దాదాపు సగం మంది మామూలు బడికి వెళ్లగలిగారని 1987లో రాశాడు. ఆ పద్ధతి తొలినాళ్లలో కోప్పడ్డం, కొట్టడం కూడా శిక్షణలో భాగమే. అంతకుముందు అతని ప్రయోగాల్లో కరెంటు షాకులు కూడా వాడారు. అంకెలు, పట్టికలు, పత్రికల్లో ప్రచురణ అన్నీ ఉన్నాయి. కష్టం మాత్రం పిల్లాడిదే. ఆ పద్ధతి ఇప్పుడు చాలా మారిందనే అంటారు. కానీ ఆటిజం ఉండి పెద్దయినవాళ్లు చాలామంది, కళ్లలోకి చూడమని గంటల తరబడి తలతిప్పించిన ఆ శిక్షణ గురించి బాధగానే చెబుతారు. ఇవాళ మన ఊళ్ల వరకూ వచ్చిన 'థెరపీ సెంటర్' బోర్డుల వెనక ఏం జరుగుతోందో, తలుపు వేసి తల్లిని బైట ఎందుకు కూర్చోబెడుతున్నారో అడగాల్సిందే.

కాబట్టి గీత అల్లోపతికీ ఆయుర్వేదానికీ మధ్య గీయలేం. రుజువు ఉందా అన్నది మొదటి ప్రశ్నే, చివరి ప్రశ్న కాదు. పిల్లాడు వద్దంటే ఆపుతారా అన్నది దాని పక్కనే ఉండాలి. మాటలు రాని పిల్లాడు వద్దని ఎలా అంటాడని అడగొచ్చు. నోరు బిగిస్తాడు. మొహం తిప్పుకుంటాడు. చెయ్యి కొరుక్కుంటాడు. ఆ వీధి మలుపు రాగానే నేల మీద పడి దొర్లుతాడు. వీటన్నిటికీ మనం 'బిహేవియర్' అని పేరు పెట్టి, అదే రోగమని చెప్పి, దానికే ఇంకో మందు వేస్తున్నాం. వాడు అంటున్న ఒక్క మాటని వాడి జబ్బు లక్షణంగా రాసేసుకుంటే, ఇక వాడికి ఏ మాట మిగిలినట్టు? మాటలు రావాలని లోకమంతా తిరుగుతున్నది మనమే కదా.

*

ఇక్కడ తల్లిదండ్రుల వైపు నుంచి గట్టిగా ఒక మాట చెప్పాలి. 1993లో జిమ్ సింక్లెయిర్ అనే ఆటిస్టిక్ వ్యక్తి టొరాంటోలో తల్లిదండ్రుల్ని ఉద్దేశించి మాట్లాడుతూ, మా కోసం ఏడవకండి అన్నారు. మీరు కలగన్న బిడ్డ రాలేదని మీకు దుఃఖం, కానీ వచ్చిన బిడ్డ మీ ఎదురుగా ఉన్నాడు, వాడు లేకుండా పోవాలని కోరుకోకండి అన్నది ఆ ప్రసంగం సారాంశం. ఆటిజాన్ని నయం చెయ్యాల్సిన రోగంగా కాక మనిషి ఉండే తీరుల్లో ఒకటిగా చూడమనే ఉద్యమానికి అదొక మూలం. నేను దాన్ని నమ్ముతాను.

కానీ ఆ మాటని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి జగ్గయ్యపేటలో ఒక తల్లికి చెబితే ఆమె అడిగేది ఒకటే. "మా తర్వాత వీడెవరికి?" అంగీకారం మనసులో జరిగే పనే అయితే ఆమె దాన్ని ఎప్పుడో చేసేసింది. రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని జో కొడుతున్నప్పుడు ఆమెకి వాడు రోగి కాదు, బంగారుకొండ. తెల్లారాక వాణ్ణి చేర్చుకోని బడి ఉంది, పెళ్లికి తీసుకురావద్దన్న బంధువులున్నారు, చెల్లెలి సంబంధం తప్పిపోతుందన్న భయం ఉంది. తను పోయాక వాడికి అన్నం ఎవరు పెడతారన్న లెక్క తేలదు. ఆ లెక్క తేల్చలేనప్పుడు, బిడ్డనే మార్చేస్తానన్నవాడి మాట వినడం తప్ప ఆమె ముందు ఇంకో దారి ఏముంది? మందు వెతకడం అంటే చాలాసార్లు వారసత్వం వెతకడమే.

ఆ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదని మన చట్టం ఒప్పుకుంది కూడా. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం పుట్టిందే, తల్లిదండ్రులు పోయాక ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్లని ఎవరు చూసుకుంటారన్న ఆందోళనలోంచి. సంరక్షకుల్ని నియమించడానికి జిల్లాకో కమిటీ ఉండాలంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఆంధ్రాలో వికలాంగుల పింఛను 2024 నుంచి నెలకి 6,000 రూపాయలు, సదరం సర్టిఫికెట్ ఉంటే. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. ఆ కాగితం ఆమె గుమ్మం దాకా రావడమే ఆలస్యం. ఆ ఆలస్యంలోనే మందుల వ్యాపారం పెరుగుతుంది.

చెయ్యలేనిదేం కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లో రావల్పిండిలోనూ చేసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. పెద్ద డిగ్రీలు లేని స్థానిక ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి 65 కుటుంబాలతో మొదలుపెట్టారు. అందులో సగం ఇళ్లకి వాళ్లని పంపారు. తల్లీ బిడ్డా ఆడుకుంటుంటే వీడియో తీసి, తర్వాత తల్లితో కూర్చుని ఆ వీడియో చూస్తారు. ఇదిగో, ఇక్కడ వాడు మీవైపు చూశాడు, మీరు గమనించలేదు. ఇక్కడ వాడు ఏదో అడుగుతున్నాడు, మీరు ఇంకో బొమ్మ ఇచ్చారు. అంతే. ఆ ఇళ్లలో తల్లులు పిల్లల లయకి తగ్గట్టు స్పందించడం పెరిగింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం మాయం కాలేదు. ఎవరూ మాయం చేస్తామని చెప్పలేదు కూడా. బిడ్డని తల్లి భాషలోకి లాక్కురావడం కాకుండా, తల్లికి బిడ్డ భాష నేర్పడం అది. మన ఊళ్లలో ఆశా కార్యకర్త నడిచే వీధులు సరిగ్గా అవే.

అలాంటి మనిషి నెలకి రెండుసార్లు వచ్చి పక్కన కూర్చుంటే చుక్కల మందు వేసే ఆయన దగ్గరికి తల్లి వెళ్లడం మానేస్తుందని నేను హామీ ఇవ్వలేను. పెనుగంచిప్రోలు వెళ్తూనే ఉంటుంది, వెళ్లనివ్వండి. కానీ వెళ్లేటప్పుడు భయం కొంచెం తక్కువుంటుంది, నేరభావం ఇంకొంచెం తక్కువుంటుంది. అలాంటి మనిషికి లక్షల మందు అమ్మడం కష్టం.

తల్లిదండ్రుల్ని 'ఎందుకు నమ్మారు' అని అడిగే ముందు, మిగతావాళ్లం ఒక మాట అడుక్కోవాలి. ఆ పిల్లాడు ఇలాగే ఉంటే, నలభై ఏళ్లొచ్చినా మాటలు రాకపోతే, మన వీధిలో వాడికి చోటుందా? వాడు అరుగు మీద కూర్చుని ఊగుతుంటే తలుపేసుకోకుండా ఉంటామా? హోటల్లో పక్క బల్ల మీద వాడు గట్టిగా కూతపెడితే మన భోజనం మనం తినగలమా? ఉందని వాళ్ల అమ్మకి నమ్మకంగా చెప్పగలిగిన రోజున ఆమె పుట్టలు వెతకడం దానంతటదే తగ్గుతుంది. చెప్పలేకపోతే, ఆ పుట్టల దాకా ఆమెని తోస్తున్నవాళ్లలో మనం కూడా ఉన్నాం.

ఈలోగా ఎవరింట్లోనైనా ఈ మాటలు చదివే అమ్మో నాన్నో ఉంటే, సలహా అడక్కపోయినా ఒకటి చెబుతాను. రేపు ఎవరు ఏ మందు చెప్పినా, అది పని చేస్తుందా అని అడిగే ముందు, దాని కోసం పిల్లాడి దగ్గర్నుంచి ఏం తీసేసుకుంటున్నారో చూడండి. అది పెరుగన్నమే అయితే, ఉండనివ్వండి.